మూడో పిలుపు

కరెంటు పోయింది. పోంగనే ముందు ఫ్యాను ఆగింది, వెనుకనే వంటింట్ల ఫ్రిజ్జు ఒక్కసారి వణికి ఊకున్నది, పక్కింటి ఐలమ్మ వాళ్ల నీళ్ల మోటరు ఊకున్నది, ఎదురింటి టీవీల పెద్ద గొంతు పెట్టి ఏడుస్తున్న మనిషెవరో సగం ఏడుపుల ఆగిపోయింది, గల్లీ మొత్తం "అబ్బా" అన్నది, జ్యోత్స్న ఒక్కతే "హమ్మయ్య" అన్నది. చెట్ల కొమ్మలు కొట్టేదుంది, గంటసేపు కరెంటు ఉండదని లైన్‌మన్ కిషన్ పొద్దుగాల్నే ఇంటింటికి చెప్పి పోయిండు. సూర్యాపేట అంత తిట్టుకునే ఆ గంట కోసమే ఆమె పొద్దటి సంది కాసుక కూసున్నది. ఫ్యాను తిరుగుతుంటే రికార్డు చేస్తే అండ్ల ఫ్యానే మాట్లాడుతది, మనిషి దాని ఎనకాల నిలబడి ఉత్తగ నోరు ఆడిచ్చినట్టు ఉంటది. మూడేండ్ల సంది హాస్టల్ల ఉండి సౌండు చదువుతున్నది, సినిమాలకు చప్పుడు ఎట్ల పట్టాలె, టీవీలకు చప్పుడు ఎట్ల పేర్చాలె, అంత నేర్చుకున్నది. అదంత ఇయ్యాల ఈ ఒక్క గంటల పనికి రావాలె, రాకపోతే ఎందుకా చదువు, తీస్కపోయి మూసీ ఏట్ల పారేసుడే.

గంట కాంగనే నాన్న ప్రభాకర్ కిరాయి కారు తీస్కొని వస్తడు. సాయంత్రానికి హైదరాబాద్ దవాఖాన, తెల్లారితే అమ్మకు ఆపరేషన్. గొంతుల గడ్డ. ముందు జలుబని మిరియాల పాలు తాగిచ్చిన్రు, తర్వాత వేడి చేసిందని సబ్జా గింజలు తాగిచ్చిన్రు, బొంగురు తగ్గలే, ఎంతకూ తగ్గలే, పోయి చూపిస్తే స్వరపేటికే తీసెయ్యాలన్నరు. "ప్రాణానికేం భయం లేదమ్మా, మాట ఒక్కటే పోతుంది" అన్నడు ఆ డాక్టరు, మంచోడే పాపం, అమ్మ చెయ్యి పట్టుకొని చెప్పిండు. మాట ఒక్కటే. అమ్మ దగ్గర మాట కాక ఇంకేమున్నదని ఆయనకు తెల్వదు గదా. వేరేటోళ్లు పొలం మీద బతికిన్రు, దుకాణం మీద బతికిన్రు, మా అమ్మ నోటి మీద బతికింది సారూ అని చెప్పబోయింది జ్యోత్స్న, అమ్మే మోచెయ్యితోటి పొడిచి ఊకోమన్నది.

ఫోన్ల గొంతు పెట్టే ఉపాయం నిఖిల్‌ది. ఆమె తోటి కోర్సు చదివే పిలగాడు, ఏ కొత్త సాఫ్ట్‌వేర్ పుట్టినా ముందు వాని లాప్‌టాప్‌లనే కండ్లు తెరుస్తది. "గంటసేపు మీ అమ్మ గొంతు సాఫ్‌గ పట్టుకొని రా, కంప్యూటర్‌కు నేర్పిద్దాం. రేపటి నుంచి ఆంటీ ఫోన్ల టైపు చేస్తే చాలు, ఫోను ఆంటీ గొంతుతోనే పలుకుతది. ఒక్కటే షరతు, మనం ఎట్ల నేర్పితే అది అట్లనే మాట్లాడుతది. అందుకే ఇంట్ల ఎట్ల మాట్లాడుతదో అట్ల మాట్లాడియ్యి" అన్నడు. ఇంతేనా అనుకున్నది జ్యోత్స్న. అమ్మను మాట్లాడిచ్చుడు ఒక పనేనా, ఆపుడు గదా కష్టం!

ముందర్రూంల బట్టల దండేనికి మైకు వేలాడదీసింది. గాలి కొట్టకుంట దానికి బొచ్చు తొడుగు తొడిగింది, అమ్మ దాన్ని కింది నుంచి మీదికి చూసి "ఇదేందే, దండెం మీద ఎలుకను ఆరేసినవ్" అన్నది, ఆ మాట ఎంత మంచిగున్నది, ఎంత అమ్మ లెక్క ఉన్నది, బొంగురుల గూడ ఎటకారం ఎక్కడికీ పోలే, అయ్యో అప్పటికి ఇంకా బటన్ నొక్కలే. నొక్కింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నది. పెట్టుకోంగనే ఇల్లంత చెవుల్లకు వచ్చి కూసున్నది, వాకిట్ల నల్లా కింద బకీట్ల పడే చుక్క, గోడ మీద ఉడుత, దూరంగ బైపాసు మీద విజయవాడ దిక్కు పోయే లారీల మూలుగు, అన్నిటికంటె దగ్గర్ల అమ్మ ఊపిరి, ఆ ఊపిరి చివర్ల చిన్న పిల్లనగోవి లెక్క సన్నటి ఈల, గడ్డ చేసేది. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకొని, పిన్ను పెట్టుకొని, కుర్సీల నిటారుగ కూసున్నది. చెయ్యి ఎత్తి బొచ్చు తొడుగు కింద మైకు బొండిగె మీద గోరుతోటి రెండుసార్లు కొట్టింది, టక్ టక్. ఫూ అని ఊదింది. జ్యోత్స్న చెవుల్ల తుఫాను లేసింది. తర్వాత అమ్మ మొదలుపెట్టింది, "నమస్కారం. నా పేరు చంద్రకళ. నేను సూర్యాపేట పట్టణమునందు నివసించుచున్నాను."

పట్టణమునందు! నివసించుచున్నాను! ఈ గొంతు ఇంట్లది కాదు, బస్టాండుది. ఈ గొంతు జ్యోత్స్నకు పుట్టినప్పటి సంది తెలుసు, ఊరందరికి తెలుసు. విచారణ కిటికీ ఎనకాల, అగ్గిపెట్టెంత రూంల, బల్ల మీద వంకర మెడ మైకు, దాని అడుగుకు నొక్కుడు మీట, అమ్మ బొటనవేలు ఆ మీట మీద. నొక్కే ముందు గోరుతోటి టక్ టక్. ఆ రెండు దెబ్బలు పైన కట్టిన లౌడుస్పీకరు కోన్లల్ల నుంచి దిగంగనే బస్టాండు బస్టాండు సగం నోరు మూసుకునేది, చెరుకురసం మిషను తిప్పేటాయన చెయ్యి ఆపేటోడు, పిల్లల్ని కొడుతున్న తల్లులు కొట్టుడు ఆపేటోళ్లు, "కోదాడ కోదాడ కోదాడ" అని గొంతు చించుకునే కండక్టరు గూడ జర తగ్గేటోడు. ఇంకా మాట రాకముందే, ఉత్త ఆ టక్ టక్ కే. తర్వాత అమ్మ, "ప్రయాణికులకు విజ్ఞప్తి. గరిడేపల్లి మీదుగా వెళ్ళు బస్సు మూడవ ప్లాట్‌ఫారమునకు వచ్చియున్నది." వచ్చియున్నది. రావలెను, పోవలెను, గమనించగలరు. బడి ఇడిసిపెట్టంగనే జ్యోత్స్న సంచి మోసుకొని ఆ రూంలకే పోయేది, అమ్మ కాళ్ల కాడ నేల మీద కూసొని హోంవర్కు రాసేది, పైన అమ్మ నోట్ల నుంచి ఒకటి, బయట కోన్లల్ల నుంచి అదే మాట జర ఆలస్యంగ ఇంకొకటి, ఇద్దరు అమ్మలున్నట్టు ఉండేది. సౌండు కోర్సుల సంగీత అనే మేడం ప్రతిధ్వని గురించి చెప్తుంటే అందరు బోర్డు చూసి రాసుకున్నరు, జ్యోత్స్న కండ్లు మూసుకొని ఆ నేల మీద కూసున్నది, సల్లగుండేది ఆ నేల, నల్లటి గచ్చు.

"అమ్మా, గట్ల కాదే. ఊకె మాట్లాడు. ఐలమ్మత్తతోటి మాట్లాడినట్టు."

"ఐలమ్మతోటి మాట్లాడాలంటే ఐలమ్మ ఉండాలె గదనే. ఎలుకతోటి ఏం మాట్లాడుత?" అన్నది అమ్మ, మైకుకు వినపడకుంట మొఖం పక్కకు తిప్పి, కొంగు అడ్డం పెట్టుకొని. కావల్సిన మాటలన్ని కొంగు ఎనక్కు పోతున్నయి, అక్కర్లేనియన్ని మైకులకు వస్తున్నయి, ఏం తమాషా!

సరే, పచ్చిపులుసు ఎట్ల చేస్తవో చెప్పమన్నది. పచ్చిపులుసు గురించి అమ్మ మామూలుగ చెప్తే పాతిక తిట్లు ఉంటయి, ఉల్లిగడ్డను, చింతపండు అమ్మినోన్ని, తినే నాన్నను, అందరిని కలిపి తిడుతది. అమ్మ గొంతు సవరించుకున్నది, "ముందుగా చింతపండును నీటియందు నానబెట్టవలెను" అన్నది. పోనీ మేనత్త సారమ్మ గురించి చెప్పు, మొన్న పెండ్లిల ఆమె నిన్ను ఏమన్నది? మేనత్త ముచ్చట తీస్తే అమ్మ నోటికి పగ్గం ఉండదు, వేములపల్లి దాంక వినపడుతది. అమ్మ మైకు దిక్కు చూసింది, చేతులు ఒళ్లో పెట్టుకున్నది, "మా ఆడబిడ్డ సారమ్మ చాలా మంచి స్వభావము కలది" అన్నది. జ్యోత్స్నకు నవ్వొచ్చింది, నవ్వు ఎనకాల్నే ఏడుపొచ్చింది. ఇట్ల నేర్పితే ఫోను ఇట్లనే మాట్లాడుతది. రేపు, ఎల్లుండి, వచ్చే ఏడు, అమ్మ వంటింట్ల నిలబడి ఫోన్ల టైపు చేస్తది, ఫోను నిలబడి అంటది, జ్యోత్స్నకు విజ్ఞప్తి, వెంటనే వచ్చి అన్నము తినవలెను.

ఈ జబ్బు అమ్మ ఒక్కదానిది కాదు, ఇంటి జబ్బు. మైకును చూస్తే మా ఇంట్ల అందరు వేరే మనుషులైతరు అనుకున్నది. మొదటి ఏడు ప్రాజెక్టుకు మిర్యాలగూడ పోయింది, నాన్న పని చేసే రైస్ మిల్లు చప్పుడు పట్టుకొస్తనని నిఖిల్‌తోటి గొప్పలు చెప్పి మరీ పోయింది, ఆ వడ్లు జారే చప్పుడు, జల్లెడలు ఊగే చప్పుడు, బెల్టు చప్పుడు, చిన్నప్పుడు నాన్నకు సద్ది తీస్కపోయినప్పుడు కాళ్ల కింద నేల వణికేది, ఆ వణుకుడు గూడ పట్టాలనుకున్నది. గేటు దాటి లోపలికి పోతే మిల్లంత గప్‌చుప్. హమాలీలు వరుసగ నిలబడ్డరు, నాన్న ఉతికిన అంగీ ఏసుకొని, తల దువ్వుకొని, చేతులు కట్టుకొని మిషను ముందల నిలబడ్డడు, ఫొటో దిగేటప్పటి లెక్క. "సౌండు రికార్డింగ్ అంటివి గదా బిడ్డా, లొల్లి అయితదని మిల్లు ఆపిచ్చిన" అన్నడు. ఎంత సంబరంగ అన్నడు! ఓనరును బతిలాడి ఆపిచ్చిండట. అప్పుడు నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నది, మళ్ల మిల్లు నడిపిచ్చి రికార్డు చేసింది, మార్కులు మంచిగనే వచ్చినయి, కని ఇప్పుడు తలుసుకుంటే మిల్లు చప్పుడు కంటె ఆ ఆపిచ్చిన మిల్లే చెవుల్ల ఉన్నది, రేకుల మీద పావురాలు నడిచేది, నాన్న గొంతు సవరించుకునేది. ఆ నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలని అప్పుడు తోచలే.

జ్యోత్స్న మాత్రం తక్కువనా? డబ్బింగ్ క్లాసుల గాజు అవతల నిలబెట్టి ఒక్క ముక్క చదవమన్నరు, "ఇల్లు ఇక్కడే ఉంటుంది" అని. "ఇల్లు ఈడ్నే ఉంటది" అన్నది, నోట్ల అదే వచ్చింది, అవతల నలుగురు నవ్విన్రు, చెడ్డగ కాదు, ఊకెనే నవ్విన్రు. రెండోసారి ఉంటుంది అన్నది. ఉం, టుం, ది. నోట్ల ఎవరిదో పన్ను కట్టినట్టు అనిపిచ్చింది. అదే రోజు అమ్మకు ఫోను చేసి నువ్వు అన్నేండ్లు ఎట్ల మాట్లాడినవే గట్ల అని అడిగింది, అమ్మ నవ్వి, "అంగీ ఏసుకున్నట్టేనే. ఇంటికొచ్చి ఇడుసుడు" అన్నది. అమ్మకు రెండు అంగీలు గూడ కాదు, మూడు. బస్టాండుది ఒకటి, సూర్యాపేటది ఒకటి, వాటి అడుగున ఒంటికి అంటుకొని నడిగూడెంది ఒకటి. సెలవుల్ల అమ్మమ్మ ఊరికి కోదాడ బస్సు ఎక్కితే మునగాల దాటంగనే అమ్మ నోట్ల నుంచి "ఏందే" రాలిపోయి "ఏంటే" మొలిచేది, కిటికీల నుంచి పచ్చి వరి వాసన వచ్చుడు, అమ్మ మాట మారుడు, రెండు ఒక్కసారే అయ్యేటియి. చిన్న జ్యోత్స్న అదే చూస్కుంట కూసునేది, ఇగ మారుతది, ఇగ మారుతది అని. సూర్యాపేటల ఆ మూడో గొంతు వచ్చేది కాదు, బాగ కోపమొస్తే, బాగ భయమేస్తే, లేకపోతే బాగ ప్రేమొస్తే తప్ప. కంప్యూటర్‌కు నేర్పాల్సింది అది. అది ఏ బటన్ నొక్కితే వస్తది?

మైకుల ఒక్కసారి వచ్చింది, ఒక్కటంటే ఒక్కసారి. ఆ రోజు హోంవర్కు అయిపోయింది, అమ్మ దగ్గర ఎవరో ముసలాయన బస్సుల టైములన్ని ఒకటెనుక ఒకటి అడుగుతుండు, జ్యోత్స్న మెల్లగ బయటికొచ్చింది, మిర్యాలగూడ బస్సులు ఆగే దిక్కు పోయింది, పుస్తకాల బంకు ఎనకాల స్తంభం కాడ నిలబడి బొమ్మల పుస్తకాలు చూస్తున్నది. టక్ టక్. బస్టాండు ఆగింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఎర్ర రిబ్బను కట్టుకున్న జ్యోత్స్న అను పాప ఎక్కడ ఉన్ననూ వెంటనే విచారణ కేంద్రము వద్దకు రావలెను." జ్యోత్స్న! ఇంట్ల అందరికి ఆమె జ్యోతి, ఆ నిండు పేరు హాజరు పట్టీల తప్ప ఎక్కడ ఉండదు, ఇయ్యాల అది ఆకాశంల నుంచి వస్తున్నది, కోదాడ బస్సు మీద, మిర్యాలగూడ బస్సు మీద, చెరుకురసం మీద, అందరి నెత్తుల మీద నుంచి ఆమె పేరు పోతున్నది, త్స్న అనే కాడ కోను జర గీరుకుపోయింది. అబ్బ, ఎంత మంచిగుండె! పోలే. స్తంభానికి ఇంకా అతుక్కొని నిలబడ్డది, మళ్లొకసారి ఇందామని. మళ్ల టక్ టక్, మళ్ల అదే విజ్ఞప్తి, ఈసారి పాపకు ముందల "చిన్న" గూడ చేరింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకున్నది. మూడోసారి టక్ టక్ రాలే, విజ్ఞప్తి రాలే, కోన్లు ఒక్కసారి గుయ్యిమన్నయి, "ఓసేయ్ జ్యోతీ, ఎక్కడున్నావే నా తల్లీ!" నడిగూడెం గొంతు, పొలం గట్టు మీద నిలబడి పిలిచే గొంతు, పెద్ద బస్టాండు నిండ. బస్టాండు ఘొల్లున నవ్వింది. జ్యోత్స్న ఉరికింది.

తర్వాత కొన్నేండ్లు కండక్టర్లందరికి అదే ఆట. అమ్మ డ్యూటీ దిగి నడుస్తుంటే బస్సు కిటికీల్ల నుంచి "ఎక్కడున్నావే నా తల్లీ" అని రాగం తీసేటోళ్లు, చెడ్డోళ్లు కాదు, అమ్మ గూడ నవ్వేది, కని ఇంటికొచ్చినంక నవ్వేది కాదు. ఆ దినం సంది మైకు కాడ అమ్మ నోటికి అమ్మే కాపలా కూసున్నది. ఇంకొన్నేండ్లకు కంప్యూటర్ గొంతు వచ్చింది, అమ్మను పాసుల కిటికీకి మార్చిన్రు, కంప్యూటర్ ఎన్నడు పొరపాటు పడలే, ఎవ్వరి పిల్లను తల్లీ అనలే. సౌండ్ కోర్సుల చేరినంక జ్యోత్స్న మిషను పట్టుకొని అదే బస్టాండుకు పోయింది, కండక్టర్ల కేకలు, బ్రేకుల కీచుమనుడు, పల్లీల పొట్లాలు అమ్మేటోని పిలుపు, అన్ని పట్టింది, అన్ని ఉన్నయి. స్తంభం కాడ నిలబడి పొద్దంత ఇన్నది. గాలిల ఎక్కడన్న ఆ పిలుపు ఇంకా ఉండదా అని పిచ్చి పిచ్చిగ ఆశపడ్డది, అది ఉండదని చదువుకున్నది ఆమెనే.

"ఎవరి కోసమే ఇదంత?" అన్నది అమ్మ. మైకుకు కాదు, ఆమెకు. కండ్లు ఆమె దిక్కే ఉన్నయి.

"మా కోసమే అమ్మా. నువ్వు ఫోన్ల రాస్తే, నీ గొంతుతోటి…"

"ఒకసారి కంప్యూటర్ వచ్చి నా కుర్సీల కూసున్నది. పోనీ, సర్కారు కుర్సీ, వాళ్లిష్టం. ఇప్పుడు ఇంట్లకు గూడ పట్టుకొస్తవా?" కోపం లేదు ఆ మాటల, అలసట ఉన్నది. "అన్నం తిన్నవా బిడ్డా అని అది అడిగితే నేను అడిగినట్టా? నేను సచ్చినంక గూడ అడుగుతనే ఉంటది గదనే. ఎవలు నొక్కితే వాళ్లకు అడుగుతది."

జ్యోత్స్నకు ఇది నిఖిల్ చెప్పలే, మేడం చెప్పలే, ఏ క్లాసుల రాలే. ఏదో అందామని నోరు తెరిచింది, రికార్డు అయితున్నదని మళ్ల మూసుకున్నది, ఆ అలవాటు ఒకటి. అమ్మ దగ్గింది, దగ్గే ముందు మొఖం పక్కకు తిప్పి కొంగు అడ్డం పెట్టుకున్నది, మైకుకు దగ్గు పోవద్దని. అన్నేండ్ల అలవాటు అదొకటి. దూరంగ కిషన్ వాళ్లు నరికిన కొమ్మ ఏదో తీగల మీద నుంచి జారి రోడ్డు మీద పడ్డది, ఆకుల చప్పుడు చాలాసేపు వచ్చింది.

గంట కావస్తున్నది. ఎండ దర్వాజ కాడి నుంచి కుర్సీ కాళ్ల దాంక వచ్చింది. ఉన్నదంత బస్టాండు తెలుగే, కొంగు ఎనకాల గొణుగుడే, ఆఖర్న పట్టుకున్న ఆ నాలుగు మాటలు మాత్రం అసలైనయి, అవి ఫోనుకు నేర్పే మాటలు కావు. "అయిపోయిందే అమ్మా, ఇగ నువ్వు లే" అన్నది. "ఉత్త ఇల్లు ఒక్కటి రికార్డు చేసుకుంట. జరసేపు మాట్లాడకు, సప్పుడు చెయ్యకు." మేడం నేర్పిన మొదటి పని అది. షూటింగ్ అయిపోంగనే అందర్ని ఎక్కడోళ్లను అక్కడ నిలబెట్టి ఉత్త గదిని రికార్డు చెయ్యాలె. ఏ గది మౌనం ఆ గదికే ఉంటది, ఇంకో గదిది తెచ్చి అతుకు పెడితే చెవి పట్టేస్తది. మాటకు మాటకు మధ్యల అది పొయ్యకపోతే బొక్కలు పడుతయి. అప్పుడు రికార్డు చేసే మనిషి ఊపిరి గూడ పీల్చొద్దు, తేలు కుట్టినా నోరు తెరవద్దు, నోరు తెరిస్తే టేకు పోయినట్టే.

"ఉత్త ఇల్లు ఏం మాట్లాడుతదే" అనుకుంట అమ్మ లేసి వంటింట్లకు పోయింది, కాళ్ల పట్టీల చప్పుడు దర్వాజ దాటి పోయింది. జ్యోత్స్న కండ్లు మూసుకున్నది. నల్లా చుక్క. ఉడుత పోయింది. లారీలు. ఇంట్ల అమ్మ లేని రూం ఒకటి, అమ్మ ఉన్న రూం ఒకటి, గోడ అవతల స్టీలు గిన్నె జరిపిన చప్పుడు, డబ్బా మూత చప్పుడు. రేపటి నుంచి ఇంట్ల ఉండేది ఇదే. ఈ చప్పుళ్లన్ని ఉంటయి, గిన్నెలు ఉంటయి, పట్టీలు ఉంటయి, మధ్యల పొయ్యాల్సిన మాటలే ఉండయి. మౌనం ఉన్నది, మాటలు కావాలె, అందరికి మాటలుంటయి, మౌనం వెతుక్కుంటరు, ఆమెకు ఉల్టా.

"జ్యోతీ."

వంటింట్ల నుంచి. బొంగురుగ, గోడకు తగిలి, దర్వాజల నుంచి మలుపు తిరిగి వచ్చింది. బటన్ వెలుగుతున్నది. నోరు మూసుకొని నిలబడ్డది, ముందు అలవాటుకే, తర్వాత అలవాటు కాదు, అసలు గొంతు వచ్చింది, అమ్మ కాపలా లేకుంట వచ్చింది, ఇంకొకసారి అనాలె. స్తంభం ఎనకాల నిలబడ్డ పిల్ల లెక్క గుండె కొట్టుకుంటున్నది, ఇంకొక్కసారి, పలకొద్దు, పలికితే ఆగిపోతది.

"ఓ జ్యోతీ! ఇంటున్నవా?"

జర పెద్దగ, జర చిరాగ్గ. సూర్యాపేట గొంతు. ఇగ మూడోది నడిగూడెందే వస్తది, తెలుసు ఆమెకు, ఎప్పుడు మూడోసారికే వస్తది. అమ్మమ్మ పెంటమ్మ నేర్పింది గదా, మిట్టమధ్యాన్నం ఎవరన్న పిలిస్తే మూడోసారికి గాని పలకొద్దని. దయ్యానికి రెండుసార్లు పిలిచేటంత ఊపిరే ఉంటదట, మూడోది పిలిచిందంటే మనిషేనట. నడిగూడెం పిల్లలందరు రెండు పిలుపులు దాటేసి మూడోదానికి పలికేటోళ్లు, పెద్దోళ్లు గూడ మొదటి రెండు ఊకె అని, మూడోది గట్టిగ అనేటోళ్లు. ఇగ వస్తది. రికార్డరు మీద గీతలు సన్నగ ఆడుతున్నయి. రా అమ్మా, ఒక్కసారి.

"ఓసే…"

అంతే. మిగిలింది గాలి. ఓసే తర్వాత రావాల్సిందంత గాలిగ వచ్చింది, దాని చివర్ల ఈల, ఈల గూడ తెగిపోయింది. హెడ్‌ఫోన్లల్ల అది ఎంత దగ్గర్ల ఇనపడ్డదంటే అమ్మ తన మెడ మీదనే ఊపిరి ఇడిసినట్టు. గీతలు లేసినట్టే లేసి పడిపోయినయి. అవతల అమ్మ మళ్ల ఊపిరి తీస్కుంటున్నది, మళ్ల పిలుస్తందుకు.

"ఆఁ అమ్మా! ఉన్న, ఈడ్నే ఉన్న!" అని అరిచింది జ్యోత్స్న. టేకు పోతే పోయింది. హెడ్‌ఫోన్లు మెడల వేలాడుతుండంగ వంటింట్లకు ఉరికింది, తీగ లాగితే దండెం ఊగింది.

అమ్మ మామిడి తొక్కు సీసా పట్టుకొని నిలబడ్డది. ఇంకో చెయ్యి గొంతు మీద ఉన్నది. కండ్లల్ల నీళ్లు, దగ్గుకు వచ్చినయో, దేనికి వచ్చినయో. "మూత వస్తలేదే. నువ్వు హాస్టల్‌కు తీస్కపోతవని వేరే సీసల పోద్దామంటే" అన్నది, సగం మాట, సగం గాలి. "మూడుసార్లు పిలిస్తే గాని పలుకవు గదా, మీ అమ్మమ్మ బుద్ధే."

"ఇప్పటి సంది ఒక్కసారి పిలిస్తేనే పలుకుతనే" అన్నది జ్యోత్స్న, అన్నంక ఆ మాట ఎక్కడికి పోయి తగిలిందో తెలిసింది. రేపటి సంది ఎవరు పిలుస్తరు? వెనుకకు తీస్కుందామంటే మాట వెనుకకు రాదు. సీసా అందుకొని మూత తిప్పింది, రాలే, చున్నీ కొస చుట్టి మళ్ల తిప్పింది, అయినా రాలే.

అమ్మ ఆమె మొఖం చూసింది. గిన్నెల గంప మీద నుంచి చెంచా తీసింది. సీసా జ్యోత్స్న చేతులల్లనే ఉన్నది, దాని మూత మీద చెంచాతోటి రెండు దెబ్బలు కొట్టింది. టక్ టక్. కొట్టి ఊకున్నది. ఇల్లంత ఆగింది.

జ్యోత్స్న అమ్మ దిక్కు చూసింది. అమ్మ మళ్ల చెంచా ఎత్తింది, టక్ టక్, ఈసారి జర కోపంగ.

"ఆఁ అమ్మా."

"గట్ల" అన్నది అమ్మ. "రేపటి సంది ఒక్కసారే కొడుత. ఏ రూంల ఉన్నా రావాలె. మీ నాయినకు గూడ చెప్పు."

అంతల కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు వణికింది, ఐలమ్మ వాళ్ల మోటరు అందుకున్నది, బయట కారు హారను మోగింది, ముందర్రూంల దండెం మీద మైకు ఇంకా ఊగుతనే ఉన్నది, బటన్ ఎవరు ఆపలే.